తలుపక్క ఆడిన మ్యాచ్

లోకంలో తలుపు దగ్గర నిలబడే ఉద్యోగాలు తక్కువేమీ కాదు. రైలు గేటు వేసేవాడున్నాడు, సినిమా హాలు గుమ్మంలో టిక్కెట్లు చింపేవాడున్నాడు, ఆపరేషన్ గది బయట నిలబడి "ఇంకా అవలేదమ్మా" అని చెప్పే ఆయా ఉంది. వాళ్ళ మొహాలు ఎవరికీ గుర్తుండవు. తలుపు తెరుచుకోని రోజున మాత్రం అందరికీ వాళ్ళే గుర్తొస్తారు. పురాణాలు తిరగేసినా అదే వరస. ద్వారం కాసేవాళ్ళకి శాపాలు తగిలాయని విన్నాం గానీ వరాలు దక్కినట్టు పెద్దగా వినలేదు.

మంచు మీద ఆడే హాకీలోనూ అలాంటి ఉద్యోగం ఒకటుంది. దాన్ని పదకొండేళ్ళు చేసిన మనిషిని జట్టులో అందరూ తలుపక్క అనేవారు.

ఆ ఆట చూడనివాళ్ళకి కాస్త చెప్పాలి. మంచు పరిచిన మైదానం చుట్టూ నడుమెత్తు తెల్లటి గోడ ఉంటుంది. గోడ వెనక జట్టు కూర్చునే బెంచీ, బెంచీ ముందు గోడలోనే చిన్న తలుపు. ఆడేవాళ్ళు ఒక్క నిమిషం ప్రాణం పెట్టి పరిగెత్తి, ఊపిరందక ఆ తలుపులోంచి లోపలికొస్తారు. విశ్రాంతిగా ఉన్నవాళ్ళు అదే తలుపులోంచి బయటికి దూకుతారు. ఆట ఆగదు, ఈల మోగదు, రబ్బరు బిళ్ళ అటూ ఇటూ పోతూనే ఉంటుంది. ఆ సందట్లో తలుపు తీసి వేసే పని, గోలు దగ్గర నిలబడే అవకాశం రాని రెండో గోల్‌కీపర్‌ది. ఒళ్ళంతా దిండ్లు కట్టుకుని ఊరికే కూర్చున్న మనిషి కదా, కనీసం తలుపైనా తీస్తుందని ఎప్పుడో ఎవరో పెట్టిన ఆనవాయితీ.

చూడ్డానికి పిల్లలాట. కానీ మంచు మీద ఒక జట్టుకి ఆరుగురే ఉండాలి. అలిసిన మనిషి గడప చేరకముందే కొత్త మనిషి కాలు మంచుకి తగిలి ఆటలో కలిసిందంటే ఏడుగురైనట్టు లెక్క. రిఫరీ ఈల వేస్తాడు, రెండు నిమిషాలు ఒక మనిషి తక్కువతో ఆడాలి. తలుపక్క గడియ తీసేది గానీ దారి ఇచ్చేది కాదు. తెరిచిన సందులో మోకాలు అడ్డం పెట్టేది. లోపలికొచ్చే మనిషి చెయ్యి గోడకి తగిలితేనే మోకాలు తీసేది. జట్టులో తుపాను అనే పిల్ల ఒకతి ఉండేది, పేరుకి తగ్గట్టే ఆగలేని మనిషి. ఆమె ఈ మోకాలిని తిట్టని రోజు లేదు. "అక్కా, నీ మోకాలి తాళం తియ్యి, నన్ను పోనీ" అని వెనక నుంచి పొడిచేది. తలుపక్క వెనక్కి తిరిగేది కాదు.

ఈ పనికి ఎవరూ చప్పట్లు కొట్టరు. ఇంట్లో అయితే అత్తగారు మరీను. ప్రతి ఏడూ టోర్నమెంటుకి సంచి సర్దుకునే వేళకి గుమ్మానికి ఆనుకుని, వినేవాళ్ళు ఎవరుంటే వాళ్ళకి చెప్పేది:

"మా కోడలు తలుపు తీయడానికి దేశాలు పట్టుకు తిరుగుతోంది. ఇక్కడ మనింటి తలుపు బిగుసుకుపోయి ఏడాదైంది, దాని జోలికి మాత్రం వెళ్ళదు."

అంటూనే సంచిలో రెండు జతల ఉన్ని మేజోళ్ళు కుక్కేది.

పగలు తలుపక్క ఆస్పత్రి చాకిరేవులో పని చేసేది. పెద్ద పెద్ద డ్రమ్ముల్లోంచి వచ్చిన తడి దుప్పట్లని ఇద్దరు చెరో కొసా పట్టి దులిపి, కాలుతున్న రోలర్ల మధ్యకి పంపాలి. ఆవిరికి రెప్పల మీద నీళ్ళు నిలిచేవి. పెళ్ళికి ముందు ఒక వేసవిలో ఆ వేడి తట్టుకోలేక పక్క వీధిలో ఉన్న మంచు మైదానంలోకి చల్లగాలి కోసం వెళ్ళింది. అక్కడ ఆడపిల్లల జట్టుకి గోలు కాసే దిక్కు లేదు. ఆమెకి వేగంగా జారడం రాదు, అందుకని గోలులో నిలబెట్టారు. వేసవి పోయింది, ఆమె మాత్రం పోలేదు. మొగుడు సరుకుల వ్యాను నడిపేవాడు. కూతురు పుట్టినా, మోకాళ్ళు అరిగినా సాయంత్రాలు ఆ వీధిలోనే గడిచేవి. జాతీయ జట్టులోకి తీసుకున్నారు. అయితే ఎప్పుడూ ఆమె కన్నా మెరుగైన మనిషి ఒకతి ముందుండేది. మొదటి ఆమె ఆట మానేశాక రెండో ఆమె, ఆ తరువాత పిట్ట.

పిట్టకి ఇరవై నిండలేదు. గోలులో నిజంగానే పిట్టలా ఎగిరేది. తలుపక్కంటే ప్రాణం. ఒక చలికాలం సాధన రోజుల్లో, "అక్కా, ఒకసారి నేను తలుపు దగ్గర నిలబడతా, నువ్వు గోలులోకి వెళ్ళు" అంది. తలుపక్క ఆ పిల్ల చెంప నిమిరి, నువ్వు ఆడుకో తల్లీ, తలుపు సంగతి నేను చూసుకుంటానంది. ఎంత మంచి మనసో అనుకున్నారు విన్నవాళ్ళు. అది పూర్తిగా మంచితనం కాదని ఆమెకొక్కదానికే తెలుసు. ఉన్నది ఒక్క తలుపు. అదీ ఇంకొకరికి వచ్చేస్తే తన చేతిలో మిగిలేదేమిటి?

ఈ ఆటలో దేశాలన్నిటినీ మెట్లు మెట్లుగా పేర్చారు. ఏటా ఒక్కో మెట్టు మీదున్న ఆరు జట్లూ ఒక ఊళ్ళో కలిసి ఆడతాయి. మొదట నిలిచినవాళ్ళు పై మెట్టుకి వెళ్తారు, చివర మిగిలినవాళ్ళు కింది మెట్టుకి దిగిపోతారు. వైకుంఠపాళీలో నిచ్చెన ఒకటీ పాము ఒకటీ ఉన్నట్టు. ఆమె జట్టు ఏళ్ళ తరబడి కింది మెట్టు మీద, పైకప్పు నుంచి నీళ్ళు కారే మైదానాల్లో ఆడి ఆడి, చివరికి ఒక మెట్టు ఎక్కింది. మళ్ళీ దిగడమంటే ఆ పిల్లలకి చావుతో సమానం.

ఆ ఏడు బయల్దేరేముందు కోచమ్మ తలుపక్కని పక్కకి పిలిచింది. కోచ్‌ని అందరూ అలాగే పిలిచేవారు, ఎదుట మాత్రం కాదు. ఇదే నీకు ఆఖరి ఏడు అంటున్నావు, చివరి మ్యాచ్ నీదే, మాట ఇస్తున్నానంది. దేశం చొక్కా తొడుక్కుని ఒక్క రోజైనా గోలులో నిలబడాలన్నది తలుపక్క కోరిక. అంతకు మించి ఆమె ఈ ఆట నుంచి ఏమీ అడగలేదు.

అయితే దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. నాలుగు మ్యాచ్‌లయ్యేసరికి లెక్క ఎలా తేలిందంటే, అడుగున రెండే జట్లు మిగిలాయి, ఆ రెంటికీ చివరి మ్యాచ్ పడింది. ఓడినవాళ్ళు దిగిపోతారు.

మర్నాడు మధ్యాహ్నం కోచమ్మ తలుపక్క గదికి వచ్చింది. గది నిండా తాళ్ళు కట్టి ఆరేసిన చొక్కాలు, కిటికీ గట్టు మీద బోర్లించిన చేతి తొడుగులు, తడి తోలు వాసన. కుర్చీలో బట్టలుంటే కోచమ్మ మంచం అంచున కూర్చుంది. చాలాసేపు మేజోళ్ళ గురించి, భోజనం గురించి మాట్లాడింది. ఆఖరికి అంది:

"నేను మాట ఇచ్చాను. ఆ మాట మీదే ఉన్నాను. కానీ పరిస్థితి నీకూ తెలుసు. నువ్వే చెప్పు."

కొన్ని ప్రశ్నలు కాదనిపించుకోవడానికే అడుగుతారు. విందులో ఆఖరి ముద్ద ఎవరికి కావాలని అడిగినట్టు. అడిగేవాళ్ళకీ వినేవాళ్ళకీ జవాబు ముందే తెలుసు, మర్యాద కోసం అడుగుతారు. నాకెందుకు లెండి, పిట్టే ఆడుతుంది అని తలుపక్క అంటుందని కోచమ్మ ఎదురుచూసింది. తలుపక్క కూడా ఆ మాటే అందామని నోరు తెరిచింది. వచ్చిన మాట వేరు.

"ఆడతాను."

కోచమ్మ తలూపింది. లేచి వెళ్తూ తలుపు దగ్గర ఒకసారి ఆగింది, మళ్ళీ వెళ్ళిపోయింది.

జట్టులో ఎవరూ ఏమీ అనలేదు. ఆ అనకపోవడం ఉంది చూశారూ, అది తిట్టుకన్నా గట్టిగా వినపడింది. పిట్ట ఒక్కతే వచ్చి ఆమె కాళ్ళ దిండ్ల పటకాలు బిగించింది. "నిన్ను గోలులో చూడాలని ఎన్నాళ్ళ నుంచో ఉందక్కా" అంది. తలుపక్క ఆ పిల్లకి తలుపు గురించి ఏదో చెప్పబోయింది. మోకాలు పెట్టు, చెయ్యి తగలనీ అని. ఇంతలో పిలుపు వచ్చింది. తలుపే కదా అనుకుంది. అందరూ అలాగే అనుకున్నారు.

ఆమె చెడ్డగా ఆడలేదు. ఈ మాట ఎవరు అడిగినా చెప్పాలి. మొదటి బిళ్ళ వచ్చి ఛాతీకి తగిలినప్పుడు, రోలర్ల దగ్గర దుప్పటి కొస ఇట్టే దొరికినట్టు చేతికి దొరికింది. రెండు గోల్స్ పడ్డాయి, ఆ రెండూ పిట్టయినా ఆపగలిగేది కాదు. ఆపినవి చాలా ఉన్నాయి. ఒకటి మంచు మీద బోర్లా పడి మొహం ముందు చెయ్యి చాచి ఆపింది. జనంలోంచి తెలియని గొంతులు ఆమె చొక్కా మీది అంకె పట్టుకుని అరిచాయి. చొక్కా మీద అంకె ఎందుకు వేస్తారో ఆమెకి ఆ రోజు తెలిసింది.

తమవాళ్ళూ రెండు కొట్టారు. ఆట చివరికొచ్చేసరికి సమంగా ఉంది.

అప్పుడు తుపాను బెంచీ మీద గింజుకుంటోంది. అవతలి గోడ నుంచి అలిసిపోయిన పిల్ల ఒకతి ఇటు వస్తోంది. పిట్ట తలుపు తీసింది. తీసి, దారి ఇచ్చి నిలబడింది, మర్యాద తెలిసిన పిల్ల ఎవరైనా నిలబడినట్టే. అడ్డం మోకాలు లేదు. ఏళ్ళ తరబడి ఆ మోకాలిని తోసుకుని తోసుకుని అలవాటైన తుపాను, ఎప్పటిలాగే ఒక్క తోపుతో బయటికి దూసుకెళ్ళి బిళ్ళని తాకింది. రావలసిన పిల్ల ఇంకా దూరంగానే ఉంది.

గోలులోంచి తలుపక్క చూసింది. మైదానం అంత దూరాన ఉన్న తలుపుని ఆమె కన్ను తనంతటదే వెతుక్కుని చూసింది. నోట్లోంచి "ఆగు" అని వచ్చింది. ఆ మాట ఎవరికి వినపడుతుంది? ఈల మోగింది.

ఒక మనిషి తక్కువైన ఆ రెండు నిమిషాల్లో అవతలివాళ్ళు మూడోది కొట్టారు. ముగ్గురు మనుషుల కాళ్ళ మధ్య నుంచి వచ్చింది. ఆమె చూడనేలేదు.

ఇంక మిగిలింది కొద్ది సమయం. అలాంటప్పుడు గోల్‌కీపర్‌ని వెనక్కి పిలిచి, ఆమె బదులు గోలు కొట్టే మనిషిని ఇంకొకరిని పంపుతారు. గోలు ఖాళీగా వదిలేసి తెగించడమన్నమాట. కోచమ్మ చెయ్యి ఊపింది. తలుపక్క దిండ్లతో, అరిగిన మోకాళ్ళతో, చేతనైనంత వేగంగా బెంచీ వైపు వచ్చింది. పదకొండేళ్ళలో ఆ తలుపుని బయటి వైపు నుంచి, అలిసిపోయి వచ్చే మనిషి కళ్ళతో ఆమె ఎన్నడూ చూడలేదు. అది మూసి ఉంది. ఒకసారి కాలిన చెయ్యి కదా, పిట్ట గడియని రెండు చేతులా పట్టుకుని తీయడం లేదు. కళ్ళ నిండా నీళ్ళు, బిక్కచచ్చి నిలబడింది. తలుపక్క గోడని చేత్తో కొట్టింది. "వచ్చానమ్మా, తియ్యి" అంది. అప్పుడు తెరుచుకుంది. బయటికి వెళ్ళవలసిన మనిషి ఆలస్యంగా వెళ్ళింది. ఆమె నాలుగు అడుగులు వేసేసరికి ఆట ముగిసిన గంట మోగింది.

ఆ ఆటలో ఒక మర్యాద ఉంది. మ్యాచ్ అయ్యాక రెండు జట్లూ వరసలో నిలబడతాయి, గెలిచిన దేశపు జెండా ఎగురుతుంది, వాళ్ళ పాట మోగుతుంది. ఓడినవాళ్ళు టోపీ తీసి ఆ పాట చివరిదాకా వినాలి. తలుపక్క విన్నది. పక్కన పిట్ట భుజాలు ఎగసెగసి పడుతున్నాయి.

బట్టలు మార్చుకునే గదిలో తుపాను చేతి తొడుగు విసిరి కొట్టింది. "తలుపు తీయడం కూడా రాదటే నీకు?" అంది పిట్టతో.

దిండ్లయినా విప్పని తలుపక్క చెప్పింది:

"రాదు. నేను నేర్పలేదు కాబట్టి రాదు. చలికాలంలో వచ్చి అడిగింది. నేనే ఒప్పుకోలేదు. నాకున్నది అదొక్కటే అని దాచుకున్నాను. అనాలనుకుంటే నన్ను అను."

కాసేపటికి తుపాను వెళ్ళి తొడుగు తెచ్చుకుంది. కోచమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె కూడా అంతా విన్నది. మాట ఇచ్చినందుకు ఆమెనీ, తీసుకున్నందుకు తలుపక్కనీ ఎవరైనా తప్పు పట్టవచ్చు. పట్టినవాళ్ళూ ఉన్నారు. ఒకటి మాత్రం ఉంది, ఆడతానన్న ఆ మాటని తలుపక్క ఆ తరువాత ఎప్పుడూ వెనక్కి తీసుకోలేదు.

ఇంటికి వచ్చాక అత్తగారు వెక్కిరించలేదు. దానికే కోడలికి కాస్త భయం వేసింది. అన్నం వడ్డించి, ఎదురుగా కూర్చుని, "మొత్తానికి ఆడావటగా" అంది. ఆడానంది కోడలు. "దెబ్బలు తగిలాయా?" తగల్లేదంది. ముసలామె ఇంకాసేపు చూసి, "సరే, తిను" అని లేచి వెళ్ళి, మర్నాడు వడ్రంగిని పిలిపించి ఇంటి తలుపు తనే బాగు చేయించుకుంది.

తలుపక్క ఆట మానేసింది. జట్టు కింది మెట్టుకి దిగింది. అయినా చాకిరేవు పని అయ్యాక, ఆవిరికి తడిసిన జుట్టుతోనే, మళ్ళీ ఆ పక్క వీధికే వెళ్ళసాగింది. ఆమె స్థానంలో రెండో గోల్‌కీపర్‌గా కొత్త పిల్ల వచ్చింది. ఆ పిల్లనీ పిట్టనీ ఇద్దరినీ తలుపు దగ్గర నిలబెట్టి, గడియ మీద వాళ్ళ చేతుల మీద తన చెయ్యి వేసి తీయించేది, వేయించేది. మోకాలు ఎక్కడ పెట్టాలో తన మోకాలితో చూపించేది. ఆ తరువాత తనే మంచు మీదికి దిగి, అవతలి గోడ దాకా వెళ్ళి, అలిసిపోయిన మనిషిలా మెల్లగా తిరిగి వచ్చేది. అందుకు నటించనక్కర్లేదు, మోకాళ్ళే చూసుకునేవి.

తలుపు తెరిచి పిట్ట మోకాలు అడ్డం పెట్టి ఉండేది. వెనక తుపాను అలవాటు ప్రకారం గింజుకుంటూ పొడిచేది.

"అక్కా, కాస్త తొందరగా రావే, దీన్ని ఆపడం నా వల్ల కావట్లేదు" అంది పిట్ట ఒకరోజు.

"రాను," అంది తలుపక్క, అదే నడకన వస్తూ. "నా చెయ్యి గోడకి తగిలేదాకా ఆపు."