ఎవరి గోడ వారిది

మ్యూజియం మేడ మీద చివరి గది ఆమెది. కిటికీ తెరిస్తే సముద్రం. గదిలో ఎప్పుడూ బ్లీచింగు వాసన.

రాతి పగడాల పేర్లు తేల్చడం ఆమె ఉద్యోగం. ముక్కను బ్లీచింగు నీళ్లలో నానబెడుతుంది. ప్రాణమున్న పొర కరిగిపోయి, ఎముకలాంటి తెలుపు మిగులుతుంది. అప్పుడు భూతద్దం పెడుతుంది. అందరూ ఆమెను భూతద్దం అనే పిలుస్తారు, ఇంట్లో కూడా. అనుమానం ఉంటే మాత్రం పేరు రాయదు. ఖాళీ చీటీతో ఏళ్ల తరబడి అరలో పడి ఉన్న ముక్కలున్నాయి.

ఈసారిది ఒడ్డుకు కొట్టుకొచ్చిన ముక్క. అరచేతిలో పట్టేంత. ఒళ్లంతా చిన్న చిన్న గుంటలు. ఒక్కో గుంటలో ఒక్కో జీవి కాపురముండేది. పక్క పక్క గుంటలకు ఒకే గోడ ఉంటే అది ఫేవైటిస్. ఎవరి గోడ వారికుండి, మధ్యన సన్నటి సందుంటే డిప్సాస్ట్రియా. అలలు పైభాగాన్ని అరగదీశాయి. సందు ఉందో లేదో తెలియలేదు.

"ఇంకోటి కావాలి బావా. బతికున్నది," అంది మొగుడితో, అన్నం వడ్డిస్తూ.

అతను గజ ఈతగాడు. మ్యూజియానికి పగడాలు తెచ్చేది అతనే. పోయిన వారం చెవిలోంచి రక్తం వచ్చింది. ఆ చెవితో దిగితే నీళ్లలో పైకేదో కిందికేదో తెలియదని డాక్టరు చెప్పాడు.

"ఒక గోడైతేనేం, రెండైతేనేం? నిన్నేమైనా వాటాలు పంచమన్నారా?"

"నువ్వు దిగకు. మీ తమ్ముణ్ణి పంపు."

"వాడా? పోయినసారి నాచు పట్టిన ఇటుక తెచ్చాడు. దానికీ భూతద్దం పెట్టావు."

ఆమెకు నవ్వొచ్చింది.

"పోనీ, నడుముకి కట్టిన తాడైనా విప్పకు."

"రాళ్ల సందులో దూరాలంటే విప్పక తప్పుతుందా?"

ఆమె మజ్జిగ పోసింది. మళ్లీ వద్దనలేదు.

మర్నాడు కిటికీలోంచి మొగుడి పడవ కనిపిస్తూనే ఉంది. గాలి లేదు. నీళ్లు నూనెలా కదలకుండా ఉన్నాయి. ఒక్క పక్షీ లేదు.

ఖాళీ చీటీ అంటించడానికి ముక్కను తిరగేసింది. ఒక అంచు కొత్తగా విరిగి ఉంది. ఆ విరుపులో, గుంటకూ గుంటకూ మధ్య, రెండు తెల్లటి గీతలు. వాటి నడుమ వెంట్రుకంత సందు. ఇప్పటిదాకా ఆమె పైనుంచే చూసింది.

ఫోను చేసింది. పడవలో ఉన్న మరిది ఎత్తాడు.

"అన్న ఇప్పుడే దిగాడు వదినా."

"పైకి రమ్మను. ఇంకేం అక్కర్లేదు."

"పేరు దొరికిందా? ఇదేదో నిన్నే దొరికుంటే ఇంకాసేపు పడుకునేవాళ్లం కదా."

"తాడు లాగు."

"లాగుతున్నాలే. నాలుగు తిట్లు తింటాను నీ పుణ్యమా అని."

తడి తాడు పడవ అంచుకు రాసుకుంటున్న చప్పుడు వినిపించింది.

"వదినా," అన్నాడు. "తాడు తేలిగ్గా వస్తోంది."

కిటికీలోంచి చూస్తే మరిది చిన్నగా కనిపిస్తున్నాడు. లాగుతూనే ఉన్నాడు.