జహ్రా నుంచి షుఐబాకి చేపల పులుసుతో: చైనా, వియత్నాం చెడిన ఏడాది

కువైట్‌లో, షుఐబాలో పనిచేసే మనవాళ్లని చూడటానికి జహ్రా నుంచి ఎలా వెళ్లాలని ఇప్పటికీ కొందరు ఆడపిల్లలు నన్ను అడుగుతుంటారు. నాకు తెలిసింది 1979 నాటి దారి. రోడ్లూ బస్సులూ మారిపోయి ఉంటాయి. నా మాట నమ్మి ఎవరైనా దారి తప్పితే ఆ పాపం నాకెందుకని భయపడుతూనే రాస్తున్నాను. ఆ ప్రయాణం సరదాకి చేసింది కాదు. మా ఆయన, మా తమ్ముడు వీర్రాజు షుఐబాలో వెల్డింగు పని చేస్తూ ఒకే గదిలో ఉండేవారు. నేను జహ్రాలో ఒక కువైటీ ఇంట్లో వంట చేసేదాన్ని. మా నాలుగేళ్ల పాప కోనసీమలో తమ్ముడి భార్య దగ్గర పెరుగుతోంది. ఆ చలికాలం చైనా సైన్యం వియత్నాం మీద పడింది. ఇక్కడ బావా బావమరుదులకి మాటలు ఆగిపోయాయి.

ఊళ్లో ఇద్దరూ ఎర్రజెండా పట్టుకుని తిరిగినవాళ్లే. అమెరికాతో యుద్ధం జరిగినన్నాళ్లూ వియత్నాంకి చైనా బియ్యం, తుపాకులు ఇచ్చిందని మురిసిపోయినవాళ్లే. ఇప్పుడా రెండూ కొట్టుకునేసరికి మా ఆయన "ఆదుకున్నవాణ్ణి మరిచిపోతే వాడూరుకుంటాడేంటి?" అన్నాడట. "ఆదుకుంటే మాత్రం ఇంటి మీదకొచ్చి కొడతారా?" అన్నాడట తమ్ముడు. అక్కడితో ఆగినా బాగుండేది. "నీకు వీసా తెప్పించిందెవరో గుర్తుంచుకో" అని మా ఆయన నోరు జారాడు. వచ్చే వారం గది మారిపోతానని తమ్ముడు నాకు కబురు పంపాడు. మా మరదలు మంచిదే. కానీ మొగుడికి జరిగిన అవమానం తెలిస్తే నా బిడ్డని రేపు ఏ కంటితో చూస్తుందోనని నాకు నిద్ర కరువైంది.

మా యజమానురాలిని అక్కడి అలవాటుగా ‘మామా’ అని పిలిచేదాన్ని. ఆవిడ నా మొహం చూసి ఏం గ్రహించిందో గాని శుక్రవారం సెలవిచ్చింది. రెండు జుబైదీ చేపలు కూడా ఇచ్చింది. అవి మన చందువాల్లాంటివే. ముందురోజే పులుసు పెట్టి, గిన్నెకి గుడ్డ కట్టి, ఉదయం ఏడింటికి బస్సెక్కాను. టికెట్టు వంద ఫిల్సులని గుర్తు. కువైట్ సిటీలో దిగి ఫహాహీల్ బస్సు మారాలి. దారంతా ఎడారిగాలి, ఒళ్లో గిన్నె, గ్యాసు కట్టేశానో లేదోనని దిగులు. ఫహాహీల్ నుంచి కార్మికుల గదులదాకా టాక్సీయే గతి.

టాక్సీ నడిపేది మలయాళీ. నా కంగారు చూసి కదిపితే, వచ్చీరాని హిందీలో అంతా చెప్పేశాను. అతను పగలబడి నవ్వాడు. "మా గదిలోనూ ఇదే గొడవ చేచీ! నేను ఏ పక్షమూ కాదన్నాను, అందుకని రెండు పక్షాలూ నన్నే తిడుతున్నాయి" అన్నాడు. చేచీ అంటే వాళ్ల భాషలో అక్క. అంతలో ఏదో లారీ అడ్డొచ్చి బ్రేకు వేశాడు. సగం పులుసు సీటు మీద పోయింది. నాకు ఏడుపొచ్చేసింది. అతను పల్లెత్తు మాట అనకుండా తన తువ్వాలుతో సీటు తుడిచి, గిన్నె మళ్లీ బిగించి కట్టి ఇచ్చాడు.

గదిలో చెరొక మూలా చెరొకరు. ఆ గదిలో మొదటినుంచీ మా ఆయన అన్నం వండితే తమ్ముడు కూర వండేవాడు. గొడవయ్యాక ఆయన పచ్చడి మెతుకులతో, వీడు కొనుక్కొచ్చిన రొట్టెలతో కానిస్తున్నారు.

"ఏంటే, చెప్పాపెట్టకుండా ఊడిపడ్డావు?" అన్నాడు మా ఆయన.

"అక్కా, బావ వండిన అన్నం నాకొద్దు" అన్నాడు తమ్ముడు, నేనింకా చెప్పులు విడవకముందే.

వడ్డిద్దామంటే పులుసు ఒకరికే సరిపోతుంది. ఎవరికి ముందు పెట్టినా ఇంకొకరి మొహం చూడలేను. బట్టలు నానబెట్టే బేసిన్ తోముకొచ్చి, అన్నమూ పులుసూ అందులో ఒంపి కలిపేశాను. చిన్నప్పుడు మా అమ్మ పెట్టినట్టు నేల మీద కూర్చుని ముద్ద చేసి పట్టుకున్నాను.

"వండింది మీ బావ. పులుసు నాది. కలిపేశాను. ఇప్పుడిది ఎవరి అన్నంరా? చెయ్యి పట్టు."

వాడు దగ్గరికి జరిగి చెయ్యి చాపాడు. రెండో ముద్ద మా ఆయన చేతిలో పెట్టాను. నాలుగో ముద్దకి మా ఆయన, "వీసా మాట అనకుండా ఉండాల్సిందిరా" అన్నాడు. తమ్ముడు నమిలి మింగి, "చైనా మాట మాత్రం అలాగే ఉంటుందా?" అన్నాడు. "ఉంటుంది" అన్నాడాయన. వాడు నవ్వి మళ్లీ చెయ్యి చాపాడు.

తమ్ముడు గది మారలేదు. కొన్నాళ్లకి చైనా సైన్యం వెనక్కి వెళ్లిందట. ఎవరు గెలిచారంటే ఇద్దరూ చెరొక మాట చెప్పారు, చివరిదాకా అదే చెప్పారు. మా పాప మాత్రం అత్త ఒళ్లోనే చల్లగా పెరిగింది. సెలవిచ్చిన మామాకి, తువ్వాలు పాడుచేసుకున్న ఆ డ్రైవరుకి ఇప్పటికీ మనసులో దణ్ణం పెట్టుకుంటాను. ఆ లారీకి కూడా. పులుసు నిండుగా చేరి ఉంటే ఇద్దరూ చెరొక కంచం పట్టుకుని తమ మూలకి పోయేవాళ్లు.

మీరు వెళ్తే గిన్నె మూత చుట్టూ తడిపిన గోధుమపిండి మెత్తండి, ఒలకదు. అయినా ఎందుకైనా మంచిది, ఒక పెద్ద బేసిన్ కూడా పట్టుకెళ్లండి.