మా పెద్దబాపు చదివిన రాకుమారుడి కథ

మా వాడ మొత్తానికీ ఒక్కటే కథల పుస్తకం ఉండేది నా చిన్నప్పుడు. అది మా పెద్దబాపుది, అంటే మా బాపు వాళ్ల అన్నది. ఆయన జీతానికి ఉన్న ఆసామి ఇంట్లో పిల్లలు చదివి పారేస్తే తెచ్చుకున్నాడు. అట్ట ఊడిపోయిన జానపద నవల. మిషన్ హాస్టల్లో ఐదో తరగతి దాకా చదివిన పెద్దబాపు ఒక్కడికే మా వాడలో అక్షరాలు వచ్చు. ఎవరికి ఉత్తరం వచ్చినా, ఆదివారం ప్రార్థనలో వాక్యం చదవాలన్నా ఆయనే.

హాలియా దగ్గర మా ఊరు, ఊరి బయట మా వాడ. ప్రార్థన అయ్యాక మా ఇంటి ముందు చాప పరిచి, పొద్దు వంగేదాకా ఆ నవల చదివేవాడు. పిల్లలమే కాదు, వారమంతా నాట్లు వేసి నడుములు పట్టేసిన ఆడవాళ్లు కూడా వచ్చి కూర్చునేవాళ్లు. రాక్షసుడు ఎత్తుకుపోయిన చెల్లెలి కోసం రాకుమారుడు అడవిలో తిరుగుతాడు. దాహంతో పడిపోబోతుంటే, ఊరి బయటి గుడిసెల్లోంచి ఒక పిల్ల కడవతో నీళ్లు తెస్తుంది. రాకుమారుడు దోసిలి పట్టి తాగుతాడు. ఆ తర్వాత రాక్షసుడి గుహకు ముందు నడిచి దారి చూపేది ఆ పిల్లే. ఆ భాగం మళ్లీ మళ్లీ చదివించుకునేవాళ్లం. ఆటలో ఆ పిల్లను నేనంటే నేనని జుట్లు పట్టుకునేవాళ్లం.

నాలుగో తరగతికి వచ్చేసరికి నాకు కూడబలుక్కోకుండా చదవడం వచ్చింది. ఆ గర్వం నన్ను ఒకచోట నిలవనిచ్చేది కాదు. ఒక ఆదివారం పెద్దబాపు వెనక నిలబడి, ఆయన భుజం మీదుగా పుటలోకి చూశాను. ఆయన "కడుపారా తాగాడు" అని చదివాడు. పుటలో "తాగలేదు" అని ఉంది.

"పెద్దబాపు తప్పు చదువుతుండు! తాగలేదని ఉన్నది. ఈయనకు సదువే రాదు!" అని అరిచాను.

అందరూ నవ్వారు. కొత్తగా కాపురానికి వచ్చిన పక్కింటి అక్కయితే కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. "గిన్నొద్దుల సంది మమ్ముల గిట్లనే మోసం జేస్తున్నవా మామా?" అంది.

పెద్దబాపు నా వైపు చూసి పుస్తకం మూశాడు. "అవును బిడ్డా, నాకు సక్కగ రాదు. నీకే మంచిగొస్తది" అన్నాడు.

ఆ పుస్తకం మళ్లీ ఎవరికీ కనబడలేదు. అడిగితే "పొయ్యిల పెట్టిన" అన్నాడు. వాడలోని ఉత్తరాలు నా దగ్గరికి రావడం మొదలైంది. వాక్యం చదవమని పాస్టరయ్య నన్నే పిలిచేవాడు. పెద్దబాపు వెనక వరుసలో కూర్చునేవాడు. పోరగాళ్లు ఆయన్ను పంతులూ అని పిలిచి ఏడిపించేవాళ్లు. పోయేదాకా ఆయన ఎవరి ముందూ ఒక్క అక్షరం చదవలేదు. నేను టీచరునై, ఏటేటా నా క్లాసు పిల్లలకు ఈ సంగతి తమాషాగా చెప్పాను.

తెలంగాణ వచ్చిన రెండేళ్లకు రిటైరయ్యాను. ఆ చలికాలం హైదరాబాదు పుస్తకాల ఎగ్జిబిషన్‌లో ఆ నవల కొత్త అచ్చులో కనబడింది. ప్రతి పుట నెత్తిన ఉండే ఆ పేరు నేను మరిచిపోలేదు. చిన్ననాటి సంతోషం మళ్లీ చేతికి వచ్చిందనుకుని, ఇల్లు చేరేదాకా ఆగలేక బస్సులోనే తెరిచాను.

రాకుమారుడు నీళ్లు తాగలేదు. ఆ పిల్లను కులం అడిగి, కడవను కాలితో తన్నాడు. ఆ గుడిసెల వాళ్లు రాక్షసుడి సేవకులట. వాళ్ల నల్లటి ఒళ్లు, వాళ్లు తినే చచ్చిన గొడ్ల మాంసం, వాళ్ల దగ్గరి కంపు రచయిత రెండు పుటల నిండా రాశాడు. రాకుమారుడు గుడిసెలకు నిప్పు పెడితే దేవతలు పూలు చల్లారు. ఆటలో ఎవరి వేషం కోసం మేం జుట్లు పట్టుకున్నామో ఆ పిల్ల ఆ మంటల్లోనే పోయింది. గుహకు దారి చూపిన పిల్ల ఆ పుస్తకంలో ఎక్కడా లేదు. ఆమెను మా పెద్దబాపు పుట్టించాడు.

ఆ రోజు ఆయన ఆ పుట నా చేతిలో పెట్టి నన్నే చదవమంటే, ఆయన కావాలనే మార్చి చదివాడని తెలిసి ఆయన చదువు అందరి ముందూ నిలబడేది. కానీ మా గురించి అచ్చులో ఏం రాశారో మా వాళ్లంతా నా గొంతుతోనే వినేవాళ్లు. అంతకంటే చదువురానివాడు అనిపించుకోవడమే నయమనుకున్నాడు.

పోయిన ఏడు ఊరికి వెళ్లాను. ఆ రోజు చాప మీద కూర్చున్న పెద్దవాళ్లలో పక్కింటి అక్క ఒక్కతే మిగిలింది. పుస్తకం చూపించి, "ఆయన తప్పు చదవలే అక్కా, మన కోసమే మార్చి చదివిండు" అని చెప్పాను.

అక్క బోసినోటితో నవ్వింది. "ఆయనకు సదువెక్కడిదే! నువ్వే జెప్తివి గదా."

ఎంత చెప్పినా నమ్మలేదు. తొమ్మిదేళ్ల పిల్లగా నేను అన్న ఒక్క మాటను వాడంతా నమ్మింది. అరవై దాటిన టీచరు మాట నమ్మేవాళ్లు లేరు. ఇప్పుడు ఎవరైనా తప్పు చదువుతున్నట్టు అనిపిస్తే, దిద్దే ముందు ఆగి, ఎందుకలా చదివారో అని ఆలోచిస్తాను. అది పెద్దబాపు దగ్గర నేర్చుకున్నదే. ఆయనకు ఏ పనికీ రాకుండా పోయాక నేర్చుకున్నాను.