అమ్మ కూర్చున్న వెనక సీటు

మా వదిన కుట్టుమిషన్లు బాగుచేస్తుంది. వీధివైపు గది ఆమె దుకాణం, పెరట్లో షెడ్డు ఆమె ప్రాణం. ఆ షెడ్డులో ఆమె పాత కారు ఉంటుంది. సెలవురోజుల్లో ఊరి బయట మైదానంలో పందేలు జరుగుతాయి. రెండు కార్లు పక్కపక్కన నిలబడతాయి, పచ్చ లైటు వెలుగుతుంది, తిన్నని రోడ్డు మీద చివరికి ఏది ముందు చేరితే అది గెలిచినట్టు. మనం తుమ్మి తలెత్తేలోపు అంతా అయిపోతుంది. ఆ తుమ్మంత పందెం కోసం ఏడాదంతా గ్రీజులో మునిగి తేలే మనిషిది పిచ్చి అనాలా, ప్రేమ అనాలా? నేను రెండూ అంటాను, మొహం మీదే అంటాను.

కారు ఎంత తేలికైతే అంత వేగమని వదిన నమ్మకం. కాపురానికొచ్చిన కొత్తలోనే వెనక సీటు పీకేసింది. తరవాత స్టెపినీ, తలుపుల లోపలి అట్టలు, ఏది చేతికందితే అది. ఆఖరికి తన ఒంటి మీద పడింది. అన్నం రెండోసారి వడ్డించుకునేది కాదు. అమ్మకి అదే కడుపుమంట. "కోడల్ని మాడ్చి చంపుతున్నానని జనం నన్ను ఆడిపోసుకుంటారే!" అని రోజూ గోల.

పీకేసిన సీటుకి అన్నయ్య చెక్క కాళ్లు బిగించి ముందు గదిలో వేశాడు. అమ్మ దాని మీద కూర్చుంది, ఇక లేస్తే ఒట్టు. పూల గుడ్డతో గలీబు కూడా కుట్టింది. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడంటారు గానీ, మా ఇంట్లో కోడలి సొమ్ము అత్త కబ్జా చేసింది. సీటుని అంత ప్రేమగా చూసుకునే మనిషి, కారుని మాత్రం "ఆ డొక్కు" అనేది. ఒక్కసారి కూడా ఎక్కిన పాపాన పోలేదు.

వదిన ప్రతిసారీ ఫైనల్ దాకా వెళ్లేది, అక్కడ యాక్సిలరేటరు ఇంకా గట్టిగా తొక్కి ఓడిపోయేది. పచ్చ లైటు పడగానే వెనక చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగి పొగ లేచేది. ఈలోగా పక్క కారు వెళ్లిపోయేది. ఇంటికొచ్చి "వచ్చేసారి చూద్దాం" అని నవ్వేది. ఆ నవ్వు చూస్తే నాకు ఏడుపొచ్చేది.

ఈ ఏడు రూల్స్ మార్చారు. మైదానంలో కార్లు తూచే ఆయన్ని మేమంతా కాటా బాబాయి అంటాం. ఆయనే దుకాణానికొచ్చి చెప్పాడు.

"అమ్మాయ్, ఇకమీదట మీ క్లాసులో కంపెనీ ఇచ్చిన సీట్లన్నీ ఉండాల్సిందే. కారూ డ్రైవరూ కలిపి బరువు చూస్తారు. తగ్గితే పెద్ద ఇంజన్ల క్లాసులోకి తోసేస్తారు."

"పెద్ద ఇంజన్లతోనా? వాటి పొగ పీల్చడానికా బాబాయ్ నేనెళ్లేది?"

"నన్నేం చెయ్యమంటావ్? అందరూ డొల్ల డబ్బాలు తెస్తున్నారని పెద్దలకి కోపమొచ్చింది."

వదిన పాత సామాన్ల కొట్లన్నీ గాలించింది. ఆ రకం కారు తయారీ ఆగిపోయి చాలా కాలమైంది, సీటు ఎక్కడా దొరకలేదు. ఉన్న ఒక్కటీ అమ్మ కింద ఉంది. అంత వేగానికి భయపడని మనిషి, అత్తగారిని సీటు అడగడానికి భయపడి ముందు గది గుమ్మం దగ్గరే తచ్చాడింది. నాకసలే ముక్కు మీద కోపం.

"అమ్మా, లే! వదినకి నీ సీటు కావాలి."

"లేవను."

వదిన నసుగుతూ రూలంతా చెప్పింది. అమ్మ కళ్లజోడు తీసింది.

"ఏమన్నావ్? నీ బరువు కూడా లెక్కలోకొస్తుందా?"

"వస్తుంది అత్తయ్యా. నేనూ కాస్త ఒళ్లు చెయ్యాలి."

"ఆ రూలు రాసిన మహానుభావుడెవరో, వాడి కడుపు చల్లగుండ! పద, కంచం ముందు కూర్చో."

"మరి సీటు?"

"తీస్కెళ్లు. పందెం అయిన సాయంత్రానికి మళ్లీ ఇక్కడుండాలి. గలీబు మీద చెయ్యేశావో, ఊరుకోను."

ఆ రోజు నుంచి అమ్మకి పండగే. వదిన బుగ్గలు నిండాయి. జాకెట్లు తన మిషను మీదే వదులు చేసుకుంది.

పందెం రోజున అమ్మ మొదటిసారి మైదానానికొచ్చింది, సీటుకి కాపలాగా. కాటా బాబాయి కారులోకి తొంగిచూసి "ఈ పూలేంటమ్మా?" అన్నాడు.

"సీటుండాలన్నారు, ఉంది. పూలుండకూడదని రాశారా?" అంది అమ్మ.

ఆయన నవ్వి కాటా చూశాడు. "సరిగ్గా సరిపోయింది. వెళ్లు తల్లీ."

ఫైనల్‌లో పచ్చ లైటు పడింది. పొగ లేవలేదు! చక్రాలు నేలని పట్టుకున్నాయి, కారు ఒక్క ఉరుకు ఉరికింది. ఈసారి వెనకబడింది పక్క కారే. నేను అరిచిన అరుపులకి గొంతు పోయింది. వదిన కారు దిగి, నవ్వకుండా భోరున ఏడ్చేసింది.

"వెనక బరువు లేకే చక్రాలు జారాయి అత్తయ్యా. నాకు కావాల్సిందే నేను పీకి పారేశాను."

"పారేస్తే పారేశావులే, నేను దాచాను," అంది అమ్మ. వెనక తలుపు తీసి, దర్జాగా ఎక్కి కూర్చుంది.

ఇంటికి చేరాక అన్నయ్య పానా, చెక్క కాళ్లు పట్టుకొచ్చాడు. అమ్మ ఇంకా దిగలేదు.

"సీటు విప్పకురా. దీనికి ఇక్కడే బావుంది."

"మరి నువ్వెక్కడ కూర్చుంటావమ్మా?"

"కళ్లు కనపడట్లేదా? కూర్చునే ఉన్నాగా!"

ఇప్పుడు ఇంటికెవరొచ్చి అమ్మ ఏదని అడిగినా "కారులో ఉంది" అంటాను. సాయంత్రం దుకాణం మూసి, వదిన రెండు కంచాలు పట్టుకుని షెడ్డులోకి వెళుతుంది. వదిన ముందు సీట్లో, అమ్మ వెనక సీట్లో. కాసేపటికి అమ్మ గొంతు వీధి దాకా వినిపిస్తుంది.

"ఇంకో ముద్ద పెట్టుకోవే! బరువు తగ్గితే నిన్నూ నన్నూ కలిపి పై క్లాసులోకి తోసేస్తారు."