వదిన చెప్పిన బీడీ అర్థం

మొన్న మొయినాబాద్ స్టాండుల మెహదీపట్నం బస్సు కోసం కూసున్నప్పుడు, కాలేజీ నుంచి రావలసిన మనవరాలు ఫోనుకు 'ఓఎండబ్ల్యు' అని పంపింది. పక్కనున్న పిల్లకు చూపిస్తే, "దారిల ఉన్నదంట అమ్మమ్మా" అని తలెత్తకుండనే చెప్పింది. గిసుంటి అక్షరాల కోసం నేను పడ్డ కడుపుమంట యాదికొచ్చింది.

మొయినాబాద్ పక్కన మా హిమాయత్‌నగర్ ఊర్ల అప్పట్ల ఏడు చదివిన ఆడపిల్లనంటే నేనే, ఎవరింటికి ఉత్తరమొచ్చినా పీటేసి, చాయ పోసి చదివించుకునేటోళ్లు. అన్నకు షాబాద్ నుంచి వదిన వచ్చినంక ఆ మర్యాదంతా ఆమెకు పోయింది. ఆమె మిషన్ బడిల పది పాసైంది, ఎంత పెద్ద ఇంగ్లిష్ ముక్కనైనా మనకు తెలిసే మాటల చెప్పేది. అవ్వ గూడ "జర కోడలిని పిలువు" అంటుంటే నాకు ఒళ్లు మండేది.

ఒకసారి బాపుకు దగ్గు పట్టి, చేవెళ్ల దవాఖానల చూపించుకొని వచ్చిండు. వదిన తల్లిగారింటికి పోయింది. గోలీలు ఎట్ల మింగాల్నో బాపుకు యాది లేక అవ్వ చీటీ నా చేతిల పెట్టింది. గోలీ పేరు పక్కన 'బీ డీ' అని ఉన్నది. తెలువదని చెప్పడానికి నాకు నోరు రాలే.

"బీడీ తాగొద్దని రాసిండ్రు బాపూ" అన్న.

పాపం, బాపు నమ్మి బీడీకట్ట పారేసి, గోలీ రోజుకొకటే మింగిండు. నాలుగొద్దులకు దగ్గు తగ్గకపోగా జ్వరమొచ్చి మంచం పట్టిండు.

ఐదోనాడు వదిన వచ్చి చీటీ చూసి, నా దిక్కు చూసింది. అందరి ముందర నవ్వుతదనుకున్న.

"ఆమె చెప్పింది మంచిదే మామా, బీడీ మానెయ్యి. గోలీలు మాత్రం పొద్దుగాల ఒకటి, మాపటికొకటి వేసుకో" అన్నది.

వారానికి బాపు లేచి తిరిగిండు. నా తప్పు కప్పినందుకు దండం పెట్టాల్సింది పోయి, మంచితనం గూడ ఆమెకే రావాల్నా అని ఇంకింత కుళ్లుకున్న. అయినా బాపు మంచం పట్టింది యాదికొస్తే భయమైంది. మర్నాడు వదిన బియ్యం ఏరుతుంటే నోటుబుక్కు ముందర పెట్టిన. ఏమీ అడగకుండ చీటీల మీది అక్షరాలకు అర్థాలు నాలుగు పేజీలు రాసిచ్చింది: బీడీ అంటే రోజుకు రెండుసార్లు, టీడీఎస్ అంటే మూడుసార్లు, ఓపీ అంటే చూపించుకొని ఇంటికి పోయేటోళ్లు. గా నాలుగు పేజీల చదువుతోనే మొయినాబాద్‌ల ఒక చిన్న దవాఖానల ఆయా కొలువు దొరికింది. ఎందరికో చీటీలు చదివి చెప్పిన. ఎక్కడ నేర్చుకున్నవని అడిగితే "బడిల" అన్న గాని, వదిన పేరు ఒక్కనాడు గూడ చెప్పలే.

ఇప్పుడు ఎవరికి కావాల్సిన అర్థం వాళ్ల చేతిల ఫోన్లనే ఉన్నది. ఒక మాట తెలిసినందుకు మనిషిని చూసి ఏండ్లకేండ్లు కుళ్లుకునే పని లేదు. మంచిదే. వదిన పోయి మూడేండ్లైంది. ఆమె ఉన్నప్పుడే 'వదినే నేర్పింది' అని ఆ ఒక్కమాట ఒప్పుకుంటే నాదేం పోయేదో, ఇప్పటికీ నాకు తెలువదు.