న్యాల్‌కల్ రోడ్డు మీద ఇద్దరం

నాకు పరుగు నేర్పింది మా యారాలు, మా బావగారి భార్య. నాకంటే ఆరేళ్లు పెద్దది. పుట్టిల్లు బీదర్ పక్కన ఒక పల్లె. బళ్లో చదివేటప్పుడు పరుగు పందేల్లో జిల్లా దాకా వెళ్లిందట. పెళ్లయ్యాక ఆ సంగతి మా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నాకు షుగర్ వచ్చేలా ఉందని దవాఖానలో అన్న రోజు, వంటింట్లో జొన్నరొట్టెలు చేస్తూ మొదటిసారి చెప్పింది.

“రేపు పొద్దుగాల నాతోని రా చెల్లె. ఉరుకుదాం.”

“చూసినోళ్లు నవ్వుతరు అక్కా.”

“నవ్వనియ్యి. మనం ముందుకు పోతం, వాళ్లు ఆడ్నే ఉంటరు.”

మొదటి నెలంతా కరెంటు స్తంభాల లెక్క. రెండు స్తంభాలు పరుగు, ఒక స్తంభం నడక. జహీరాబాద్‌లో మా ఇంటి నుంచి న్యాల్‌కల్ వెళ్లే రోడ్డుకు ఒకపక్క చెరుకు, ఇంకోపక్క కంది చేలు. నేను ఆయాసపడి ఆగబోతే ఆమె కన్నడంలో లెక్కపెట్టేది. ఒందు, ఎరడు, మూరు, నాల్కు. మళ్లీ ఒందు. నా అడుగులు ఆ అంకెల మీద పడేవి. ఇంట్లో పదిమంది మధ్య చెప్పుకోలేని మాటలన్నీ ఆ రోడ్డు మీదే చెప్పుకున్నాం. వానాకాలం దాటేసరికి ఆగకుండా ఎనిమిది కిలోమీటర్లు వెళ్లొస్తున్నాం. హైదరాబాద్‌లో పది కిలోమీటర్ల పరుగు ఉందని తెలిసి, ఫోన్‌లో ఇద్దరి పేర్లూ నేనే ఇచ్చాను.

ఆ నెలలోనే అన్నదమ్ములు వేరుపడ్డారు. ఉమ్మడి దుకాణం దగ్గర మొదలైన మాట పెరిగి, ఒకరి ముఖం ఒకరు చూసుకోనంత వరకు వచ్చింది. బావగారు కాపురం హుమ్నాబాద్‌కు మార్చారు. సామాను లారీకెక్కించే రోజు కూడా పొద్దున్నే మేమిద్దరం వెళ్లాం. ఆ రోజు ఆమె అంకెలు లెక్కపెట్టలేదు. తిరిగొచ్చాక గేటు దగ్గర కూర్చుని బూట్ల తాళ్లు విప్పుకుంటూ, “నువ్వు మాత్రం బంద్ చేయకు,” అంది.

పోటీకి ఒక్కదాన్నే వెళ్లాను. ఏడో కిలోమీటరు దగ్గర ఫ్లైఓవర్ ఎక్కుతుంటే కాళ్లు మొరాయించాయి. లోపల కన్నడ అంకెలు అనుకోవడం మొదలుపెట్టాను. నాల్కు తర్వాత ఏం వస్తుందో నాకు తెలియదని అప్పుడే గుర్తొచ్చింది. ఆ నాలుగింటితోనే పైకెక్కాను. చివర్న మెడలో పతకం వేశారు. పక్కనున్న ఆడవాళ్లంతా ఫోటోలు దిగుతుంటే, నేను ఒక మూలకు వెళ్లి ఆమెకు ఫోన్ చేశాను.

“నడుమల నడిచినవా?”

“లేదక్కా, మొత్తం ఉరికిన. నువ్వు ఉరుకుతున్నవా ఆడ?”

“ఈడ నాకెవ్వరున్నరు చెల్లె,” అంది.

నేను పరుగు మానలేదు. కానీ రోడ్డెక్కగానే ఏవేవో మాటలు నోటిదాకా వస్తాయి, వినడానికి పక్కన మనిషి ఉండదు.

మొన్న రాయికోడ్‌లో చుట్టాల పెళ్లికి రెండు కుటుంబాలూ వచ్చాయి. అన్నదమ్ములు పందిట్లో చెరో మూలన కూర్చున్నారు. ఆమె కొంచెం ఒళ్లు చేసింది. నా పక్కకు వచ్చి చేయి పట్టుకుని, “రేపు పొద్దుగాల జర దూరం పోదమా? బూట్లు తెచ్చిన,” అని మెల్లగా అడిగింది. నేనూ తెచ్చానని చెప్పాను. ఇద్దరం నవ్వుకున్నాం.

భోజనాలు కాగానే మా ఆయన, “ఇంక ఈడ ఉండుడెందుకు, పోదం పా,” అన్నాడు. రేపు వెళ్దామన్నాను. ఎందుకని అడిగాడు. అక్కతో కలిసి ఉరకాలని చెప్పడానికి నోరు రాలేదు. వెళ్లి ఆమెకు చెబితే నా భుజం తట్టి, “ఫికర్ చేయకు,” అంది. అప్పటికి ఇంకా పొద్దు గూకలేదు. జహీరాబాద్ చేరేదాకా కారులో బూట్ల సంచి ఒళ్లోనే పెట్టుకుని కూర్చున్నాను.

మర్నాడు పొద్దున ఆమె ఒక్కతే వెళ్లిందో లేదో ఇప్పటికీ అడగలేదు.