నన్ను గుద్దిన కారులోనే

అమెరికా వచ్చిన ఆ తొలి రోజుల్లో ఎవరు ఎలా ఉన్నావని అడిగినా నా దగ్గర "బాగున్నాను" అనే ఒక్క జవాబే ఉండేది. జ్వరంతో మూలుగుతున్నా, మేనేజర్ చివాట్లు పెట్టినా అదే మాట. డబ్లిన్ అనే ఊళ్ళో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం, హెచ్-వన్ వీసా, ఒక రూమ్మేట్, ఇంతే నా కాలిఫోర్నియా. ఆ కాలంలోనే ఒక శనివారం ఇండియన్ స్టోర్ పార్కింగ్‌లో ఒక కారు వెనక్కి వస్తూ నన్ను గుద్దేసింది. కంగారుగా కారు దిగి వచ్చిన పెద్దావిడను చూసి, నేలమీద పడ్డ కొత్తిమీర ఏరుకుంటూనే "సారీ ఆంటీ, ఐయామ్ ఫైన్" అన్నాను. (గుద్దింది ఆవిడ, సారీ చెప్పింది నేను. పెంపకం అలాంటిది.)

ఆ "ఫైన్" నా మెడకు చుట్టుకుంది. కుడిచెయ్యి భుజం దాటి లేవడం మానేసింది, డాక్టరు ఆపరేషన్ తప్పదన్నాడు. ఆంటీ ఇన్సూరెన్స్ కంపెనీ మాత్రం, అక్కడికక్కడే బాగున్నానన్న పిల్లకు ఇప్పుడు నొప్పేమిటని అడ్డం తిరిగింది. కేసు వెయ్యడానికి నాకు మొహమాటం. ఆ మొహమాటం వదిలించింది ఆంటీయే. ఆవిడది కరీంనగర్. వారం వారం క్యారేజీ తెచ్చిపెట్టి, నేను తింటుంటే ఎదురుగా కూర్చునేది. "కేసు వెయ్యి బిడ్డా. పేరుకే నా మీద, పైసలు కట్టేది ఇన్సూరెన్సోళ్ళే. నీ చెయ్యి బాగుపడాలె గదా" అంది. అలా ఆంటీ మీద కేసు వేశాను. (క్యారేజీ మాత్రం ఆగలేదు.)

కొన్నాళ్ళకు డిపోజిషన్ అన్నారు. కోర్టుదాకా పోకముందే అవతలి లాయరు, అంటే ఆంటీ తరఫున ఇన్సూరెన్స్ వాళ్ళు పెట్టిన లాయరు, మనచేత ప్రమాణం చేయించి ప్రశ్నలడుగుతాడు, మనం చెప్పిన ప్రతి ముక్కా రికార్డవుతుంది. నా వీసా ఏమైపోతుందోనని ఒక భయం, నన్ను దొంగనొప్పి మనిషి అంటారేమోనని ఇంకో భయం. నా లాయరు ఓపికగా చెప్పాడు: "అడిగినదానికే జవాబివ్వు, ఆగిపో. ఆయన కావాలని మౌనంగా చూస్తాడు. ఆ మౌనాన్ని నువ్వు నింపకు. ఇంట్లో ఎవరితోనైనా ప్రాక్టీస్ చెయ్యి." ఎవరితోనైనా అన్నాడు కదా, నాకు తీరిగ్గా దొరికే మనిషి ఆంటీయే. ఆవిడతోనే మొదలుపెట్టాను.

ఆంటీ కళ్ళజోడు సర్దుకుని అవతలి లాయరైపోయింది. "ఆ రోజు యాడికి పోతున్నవ్?" అని అడిగింది. "రూమ్మేట్‌కి జ్వరం ఆంటీ, చారులోకి కొత్తిమీర లేదని..." అన్నాను. "అయ్యో, జ్వరమా? మిరియాలు దంచి వేసినవా?" అంది లాయరుగారు. ఆ పూట కేసు అక్కడే ఆగి, చారు ముందుకు నడిచింది. తర్వాతి వారం అసలు ప్రశ్న వచ్చింది.

"చెయ్యి ఎంత నొస్తది?"

"పెద్దగా ఏం లేదు ఆంటీ."

"పొద్దున జడ ఎవరు వేసిన్రు?"

"రూమ్మేట్."

ఆంటీ కళ్ళజోడు తీసేసింది. "నేను బాధపడ్తనని దాస్తున్నవ్. ఎనక జూడకుండ కారు తీసింది నేను. నొప్పి లేదంటే నా తప్పు చిన్నగైతదా? ఉన్నది ఉన్నట్టు చెప్పు బిడ్డా" అంది. నాకు ఏడుపొచ్చింది. దెబ్బ తగిలాక నేను ఏడవడం అదే మొదలు.

అసలు రోజున అవతలి లాయరు, మీ లాయరుతో కాక ఇంకెవరితోనైనా దీని గురించి మాట్లాడారా అని అడిగాడు. ఆంటీతో అన్నాను. ఏ ఆంటీ అన్నాడు. "మీ క్లయింటే" అన్నాను. నా లాయరు కళ్ళు మూసుకున్నాడు. ఇవాళ ఇక్కడికి ఎలా వచ్చారని అడిగితే, "ఆంటీ కారులో. నేను డ్రైవ్ చెయ్యలేను కదా, కింద పార్కింగ్‌లో ఉన్నారు" అన్నాను. ఆయన కాగితాలు పక్కన పెట్టి, ఏం చెప్పమని నేర్పిందావిడ అన్నాడు.

"నొప్పిగా ఉంటే నొప్పిగా ఉందని చెప్పమన్నారు. చాలా నొప్పిగా ఉంది."

ఆయన మౌనంగా చూశాడు. నేనూ చూశాను. ఎంత ఇబ్బందిగా ఉన్నా ఆ మౌనాన్ని నేను నింపలేదు.

ఇన్సూరెన్స్ కంపెనీ దారికొచ్చింది, ఆపరేషన్ జరిగింది. ఇప్పుడు నా జడ నేనే వేసుకుంటున్నాను. కొత్తిమీర ఏరుకుంటూ సారీ చెప్పిన ఆ పిల్లను తలుచుకుంటే నవ్వూ వస్తుంది, దగ్గరికి తీసుకోవాలనీ అనిపిస్తుంది. ఆ పిల్ల పూర్తిగా పోలేదు లెండి. ఇప్పటికీ ఎవరు పలకరించినా ముందు నోట్లోంచి వచ్చేది "బాగున్నాను" అనే. ఆంటీ మాత్రం ఫోన్ చేసి "ఎట్లున్నవ్ బిడ్డా?" అని, నేను ఆ మాట అనగానే ఇంకేం మాట్లాడకుండా ఊరుకుంటుంది. కాసేపు చూసి, అప్పుడు అసలు సంగతి చెప్పడం మొదలుపెడతాను.